చిన్న చిలుకల స్వభావాన్ని పోల్చి చూడటం ఎలా: కొనేముందు వరుసగా చేయాల్సిన పనులు

“బడ్జీ మంచిదా, కాకటీల్ మంచిదా? కాన్యూర్ తెచ్చుకుంటే కరుస్తుందా?” అని ఈ విదేశీ చిన్న చిలుకల గురించి అడిగేవాళ్లు చాలామంది. ఏ పిట్ట మంచిది అని అడిగితే జవాబు చెప్పలేం. మీ ఇంటికి ఏ పిట్ట సరిపోతుంది అంటే మాత్రం చెప్పొచ్చు. అది తేలాలంటే వరస తప్పకూడదు. ముందు చట్టం, తర్వాత మీ ఇల్లు, ఆ తర్వాత జాతి, చివరగా మీరు తెచ్చుకోబోయే ఆ ఒక్క పిట్ట.

చాలామంది ఈ వరసను తలకిందులు చేస్తారు. దుకాణంలో రంగు చూసి ముచ్చటపడి కొంటారు. దాని స్వభావం ఏమిటో ఇంటికొచ్చాక తెలుస్తుంది. అప్పటికి బాధపడేది మీరు కాదు, పంజరంలో ఉన్న పిట్ట.

1. ముందు చట్టం చూసుకోండి

రామచిలుకను ఈ పోలికలోంచి మొదటే తీసేయండి. మన చెట్ల మీద తిరిగే రామచిలుక, భుజం మీద ఎర్ర మచ్చ ఉండే పెద్ద చిలుక, ఇంకా మన దేశంలో సహజంగా అడవుల్లో, చెట్ల మీద బతికే ఏ చిలుకైనా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు వస్తుంది. పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరమే. జైలు, జరిమానా రెండూ పడొచ్చు. “మా తాతగారింట్లో ఉండేది కదా” అన్నది చట్టం ముందు పనికిరాదు.

విదేశీ జాతుల్లో రెండు రకాలు ఉన్నాయి. బడ్జీ, కాకటీల్, పీచ్ ఫేస్డ్ లవ్ బర్డ్ ఈ మూడూ సైటీస్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో లేవు. ఫిషర్, మాస్క్డ్ లవ్ బర్డ్‌లు, గ్రీన్ చీక్ కాన్యూర్, సన్ కాన్యూర్, క్వేకర్, పారట్‌లెట్ ఆ జాబితాలో ఉన్నాయి. 2022 చట్ట సవరణ, 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఈ రెండో రకం పిట్టలను పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ వెబ్‌సైట్‌లో నమోదు చేయించాలి. కొనేటప్పుడే బిల్లు, పిట్ట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాగితాలు అడగండి. “అవేం అక్కర్లేదు సార్” అనే మనిషి దగ్గర కొనకండి.

ఇంకో జాగ్రత్త. మన ఊళ్లలో చాలా దుకాణాల్లో బడ్జీలనే “లవ్ బర్డ్స్” అని అమ్ముతారు. అసలు లవ్ బర్డ్స్‌ను “ఆఫ్రికన్ లవ్ బర్డ్స్” అంటారు. రెండింటి స్వభావానికీ పోలికే లేదు. ఇంటర్నెట్‌లో లవ్ బర్డ్ గురించి చదివి దుకాణానికి వెళ్తే ఒకదాన్ని చదివి ఇంకోదాన్ని కొన్నట్టవుతుంది. ఏ జాతో ముందే తేల్చుకోండి.

2. మీ ఇంటి సంగతి కాగితం మీద రాయండి

మనసులో అనుకుంటే చాలదు, రాయాలి. రాసేటప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయండి.

- రోజూ పిట్టను పంజరం బయటకు తీసి ఎంతసేపు దగ్గరుండగలరు? ఒంటరిగా పెంచే పిట్టకైతే కనీసం రెండు గంటలు కావాలి.
- పగలు ఇంట్లో ఎవరైనా ఉంటారా, తాళం వేసి వెళ్తారా?
- అపార్ట్‌మెంటా, సొంత ఇల్లా? పక్క గోడ అవతల పసిపాపలుగానీ, నైట్ డ్యూటీ చేసేవాళ్లుగానీ ఉన్నారా?
- ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, దుమ్ము ఎలర్జీ ఉందా?
- ఐదేళ్ల లోపు పిల్లలు ఉన్నారా? పిల్లి ఉందా?
- పిట్టను బయటకు వదిలే గదిలో సీలింగ్ ఫ్యాన్ ఆపగలరా? మే నెలలో కూడా?
- సాంబ్రాణి, అగరుబత్తి, దోమల కాయిల్ పొగ రాని గది ఒక్కటైనా ఉందా?
- మరో పదిహేనేళ్ల తర్వాత దీన్ని ఎవరు చూసుకుంటారు?

చివరి ప్రశ్న దగ్గర కాస్త ఆగండి. బడ్జీ 5 నుంచి 10 ఏళ్లు, లవ్ బర్డ్ 10 నుంచి 15, కాకటీల్ 15 నుంచి 20 ఏళ్లు బతుకుతాయి. కాన్యూర్లు బాగా చూసుకుంటే 20 ఏళ్లు దాటతాయి. పదో తరగతి చదివే పిల్లాడు అడిగాడని కాకటీల్ కొంటే, వాడు చదువు ముగించి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లాక కూడా అది మీ హాల్లోనే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకున్నాకే అడుగు వేయండి.

3. అన్ని జాతులకూ ఒకటే కొలత పెట్టండి

బడ్జీ మాటల గురించి, కాన్యూర్ ఆటల గురించి, లవ్ బర్డ్ రంగుల గురించి విడివిడిగా చదివితే పోలిక కుదరదు. ప్రతి జాతినీ ఈ ఐదు విషయాల్లోనే చూడండి.

1. కొరకడం: ఎంత తరచుగా కొరుకుతుంది, ఎంత గట్టిగా కొరుకుతుంది అన్నవి రెండు వేరు ప్రశ్నలు.
2. గోల: రోజంతా చిన్నగా కిచకిచలాడుతుందా, రెండు మూడు సార్లే అరిచినా చెవులు గింగుర్లెత్తేలా అరుస్తుందా?
3. చేతికి రావడం: మనిషి దగ్గర ఉండటం ఇష్టమా, తాకించుకోవడం కూడా ఇష్టమా? దగ్గర కూర్చునే పిట్టలన్నీ తల నిమిరించుకోవు.
4. ఒంటరితనం: మీరు లేనప్పుడు ఏం చేస్తుంది?
5. ఇతర పిట్టలతో తీరు: వేరే జాతితో ఒకే గదిలో ఉండగలదా?

ఒక్కోదానికి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని రాసుకుంటే చాలు. మార్కులు వేసి కూడాల్సిన పని లేదు. మీ ఇంటికి అసలు కుదరనిది ఏదో అందులో కనిపిస్తే పని అయినట్టే.

4. జాతుల వారీగా పోలిక

4.1 బడ్జీ

ఆస్ట్రేలియా గడ్డి మైదానాల్లో గుంపులుగా తిరిగే పిట్ట. పొడవు 18 సెంటీమీటర్లు, బరువు 30 నుంచి 40 గ్రాములు. కొరికినా పెద్దగా నొప్పి ఉండదు. గోల చిన్నదే గానీ రోజంతా సాగుతుంది. మీ మిక్సీ మోగితే అది కూడా గొంతు పెంచుతుంది.

మనిషిని తాకించుకోవడం బడ్జీకి అంతగా ఇష్టం ఉండదు. భుజం మీద కూర్చుంటుంది, వేలెక్కుతుంది, చేతిలో కొర్రలు తింటుంది. ఒళ్లంతా నిమరబోతే మాత్రం ఎగిరిపోతుంది. దీన్ని మొండితనం అనుకోకండి, దాని తీరే అంత. మగవాటికి మాటలు నేర్చుకునే గుణం ఎక్కువ.

పగలు ఇంట్లో ఎవరూ ఉండకపోతే జంటగా పెంచండి. జంట తొందరగా మచ్చిక కాదు, నిజమే. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కటే అద్దంతో మాట్లాడుకునే బడ్జీ కంటే, తోడుతో ఆడుకుంటూ మీకు కాస్త దూరంగా ఉండే బడ్జీ హాయిగా ఉంటుంది.

4.2 కాకటీల్

మొదటిసారి చిలుకను పెంచేవాళ్లు నన్నడిగితే ఎక్కువసార్లు చెప్పేది దీని పేరే. 30 నుంచి 33 సెంటీమీటర్లు, 80 నుంచి 100 గ్రాములు. స్వభావం నెమ్మది. భయపడితే ముందు బుస కొడుతుంది, తర్వాత ముక్కుతో పొడుస్తున్నట్టు ముందుకు వస్తుంది, అప్పటికీ మీరు వినకపోతేనే కొరుకుతుంది. ఇన్ని హెచ్చరికలు ఇచ్చే పిట్ట దగ్గర నేర్చుకోవడం తేలిక.

దాని తల మీది తురాయి చూస్తే మనసు తెలుస్తుంది. నిటారుగా లేస్తే ఉలిక్కిపడింది లేదా ఏదో ఆసక్తిగా చూస్తోంది. సగం వాలి చివర్లు పైకి తిరిగి ఉంటే కులాసాగా ఉంది. తలకు పూర్తిగా అతుక్కుపోయి, నోరు తెరిచి ఉంటే చెయ్యి వెనక్కి తీసుకోండి. తల వంచి మెడ ఈకలు ఉబ్బించి మీ వేలి దగ్గరకు వస్తే నిమరమని అడుగుతోంది.

మగది ఈలలు వేస్తుంది, పాటల బాణీలు పట్టేస్తుంది. ఆడది నిశ్శబ్దంగా ఉంటుంది. మాటల కోసమైతే దీన్ని కొనకండి.

రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, ఈకల నుంచి తెల్లటి పొడి రాలుతుంది. టీవీ మీద, సోఫా మీద రెండు రోజుల్లోనే కనిపిస్తుంది. ఆస్తమా ఉన్న ఇంటికి ఇది వద్దు. రెండు, రాత్రి చీకట్లో ఏ చిన్న చప్పుడైనా ఉలిక్కిపడి పంజరంలో గుద్దుకుంటూ రెక్కలు విరగ్గొట్టుకునే గుణం ఉంది. చిన్న బెడ్ లైట్ వేసి ఉంచితే చాలావరకు తగ్గుతుంది. దీపావళి రాత్రి పంజరాన్ని లోపలి గదిలో పెట్టి, కిటికీలు మూసి, లైటు వేసి ఉంచండి.

4.3 లవ్ బర్డ్

పేరు చూసి మోసపోయేవాళ్లు ఎక్కువ. ఇది తన జంటను ప్రేమిస్తుంది. మిగతా ప్రపంచంతో తగువు పెట్టుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. 13 నుంచి 17 సెంటీమీటర్ల పిట్టే అయినా ధైర్యానికి లోటు లేదు. తన పంజరం, తన గిన్నె, తన మూల అన్న పట్టింపు గట్టిది. ముఖ్యంగా ఆడవాటికి. గూడు కట్టే కాలంలో పంజరంలోకి చెయ్యి పెడితే రక్తం చూస్తారు.

మన దగ్గర దొరికే వాటిలో పీచ్ ఫేస్డ్ రకం ఎక్కువ దూకుడు. కంటి చుట్టూ తెల్లటి వలయం ఉండే ఫిషర్, మాస్క్డ్ రకాలు కాస్త బెరుకు. ఆడ పీచ్ ఫేస్డ్ పిట్టకు ఒక కాగితం ఇచ్చి చూడండి. అంచు వెంట ముక్కుతో వరసగా కొరుకుతూ, సన్నటి పొడుగాటి పీలికలు కోసి, వాటిని వీపు వెనక తోక మొదట్లో ఈకల్లో దోపుకుంటుంది. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. కానీ ఇది రోజూ మొదలైతే గూడు కట్టే ధ్యాసలో పడిందని, కొరుకుడు పెరగబోతోందని గుర్తు. కాగితాలు తీసేసే సమయం అది.

వేరే జాతితో ఒకే పంజరంలో ఎప్పుడూ పెట్టొద్దు. బడ్జీల కాలివేళ్లు కొరికేస్తుంది. ఒంటరిగా చిన్నప్పటి నుంచి పెంచిన లవ్ బర్డ్ మీకు అతుక్కుపోతుంది. ఇంట్లో మిగతావాళ్లను కరవడానికి వెళ్తుంది కూడా. చిన్న పిల్లలున్న ఇంటికి దీన్ని నేను సిఫార్సు చేయను.

4.4 గ్రీన్ చీక్ కాన్యూర్

26 సెంటీమీటర్లు, 60 నుంచి 80 గ్రాములు. దక్షిణ అమెరికా అడవుల పిట్ట. అల్లరి, ఆట, మనిషి మీద మక్కువ మూడూ ఎక్కువే. వెల్లకిలా పడుకుని కాళ్లతో బొమ్మను తిప్పుతుంది, చొక్కాలో దూరి నిద్రపోతుంది. కాన్యూర్లలో గోల తక్కువ ఉండేవాటిలో ఇదొకటి.

దీని కొరుకుడు వేరే రకం. భయంతో కంటే ఉత్సాహం ఎక్కువై కొరుకుతుంది. ఆట మధ్యలో కనుపాప చిన్నదవుతూ పెద్దదవుతూ ఉంటే ఆట ఆపేయండి. ఏడాది వయసు దగ్గర్లో కొరుకుడు పెరుగుతుంది. చాలామంది “మారిపోయింది” అని అమ్మేసేది ఆ వయసులోనే. ఓపిక పడితే కొన్ని నెలల్లో తగ్గుతుంది. రోజుకు రెండు గంటలు ఇవ్వలేనివాళ్లు దీన్ని తెచ్చుకోవద్దు.

4.5 సన్ కాన్యూర్

పసుపు, నారింజ రంగులు చూసి కొనేస్తారు. స్వభావం కూడా ప్రేమగానే ఉంటుంది. కానీ అరుపు అపార్ట్‌మెంట్ గోడలు ఆపలేవు. పై అంతస్తువాళ్లకూ, కింది అంతస్తువాళ్లకూ వినిపిస్తుంది. శిక్షణతో అరుపులు తగ్గించవచ్చు, గొంతు మార్చలేం. విడి ఇల్లు, దూరంగా పక్కిళ్లు ఉంటే తప్ప వద్దు.

4.6 మిగతావి

క్వేకర్ తెలివైనది, మాటలు బాగా నేర్చుకుంటుంది, పంజరం విషయంలో లవ్ బర్డ్ అంత పట్టుదల. పారట్‌లెట్ 12, 13 సెంటీమీటర్ల పిట్ట, గొంతు చిన్నది, కోపం పెద్దది. లినియోలేటెడ్ పారాకీట్ నెమ్మదైనది, గోల తక్కువ, మన దగ్గర దొరకడం కష్టం.

5. ఇక ఆ ఒక్క పిట్టను చూడండి

జాతి స్వభావం ఒక అంచనా మాత్రమే. ఒకే గూట్లో పుట్టిన రెండు కాకటీల్ పిల్లల్లో ఒకటి చేతికి పరిగెత్తుకొస్తుంది, ఇంకోటి మూలకు పోతుంది. అందుకే ఈ మెట్టు వదిలేయకండి.

1. ఉదయం పదకొండు లోపు లేదా సాయంత్రం వెళ్లండి. మధ్యాహ్నం పిట్టలు కునుకు తీస్తాయి. వీలైతే వేర్వేరు రోజుల్లో రెండుసార్లు వెళ్లండి.
2. ఆరడుగుల దూరంలో పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. తింటోందా, ఈకలు దువ్వుకుంటోందా, పక్క పిట్టను తరుముతోందా, తరిమించుకుంటోందా చూడండి.
3. నెమ్మదిగా దగ్గరకు నడవండి. ఒళ్లంతా బిగపట్టి సన్నగా అయిపోతే భయం. చూసి మళ్లీ తన పనిలో పడితే ధైర్యం.
4. మీ ఛాతీ ఎత్తులో ఉండేలా చెయ్యి పంజరం బయట పెట్టండి. పిట్ట తల మీదుగా ఎప్పుడూ పెట్టొద్దు, పై నుంచి వచ్చేది దానికి గద్దతో సమానం.
5. పిట్టను బయటకు తీయమని బ్రీడర్‌ను (పిట్టలను పెంచి అమ్మే మనిషిని) అడగండి. వేలు చాపితే ఎక్కిందా, గుప్పెట్లో పట్టి లాగాడా? “హ్యాండ్ టేమ్” (చేతికి మచ్చికైంది) అన్న మాట నిజమో కాదో ఇక్కడ తెలిసిపోతుంది.
6. కొర్ర కంకి చేతితో అందించండి. రెండు నిమిషాల్లో తింటే మంచిదే. తినకపోయినా తప్పు లేదు, రెండోసారి వెళ్లినప్పుడు మళ్లీ చూడండి.

ఇక్కడ అందరూ పొరపడే విషయం ఒకటుంది. ఈకలు ఉబ్బించుకుని, రెండు కాళ్ల మీద కూర్చుని, పగలే కళ్లు మూస్తూ, పట్టుకున్నా కదలని పిట్టను చూసి “ఎంత సాధువో” అంటారు. అది సాధువు కాదు, జబ్బుది. చిలుకలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. ఊపిరితో పాటు తోక పైకీ కిందికీ ఆడుతుంటే, ముక్కు రంధ్రాలు తడిగా ఉంటే, తోక కింద ఈకలు రెట్టతో అంటుకుపోయి ఉంటే జాలిపడి కొనకండి.

వయసు చూసుకోండి. చిన్న బడ్జీకి నుదుటి మీద ముక్కు దాకా నల్ల చారలుంటాయి, కళ్లు పూర్తిగా నల్లగా ఉంటాయి. మూడు నాలుగు నెలలకు మొదటిసారి ఈకలు రాల్చాక నుదురు తేటపడుతుంది. పీచ్ ఫేస్డ్ పిల్లకు ముక్కు మొదట్లో నల్ల మచ్చ ఉంటుంది. బూడిద రంగు కాకటీల్‌లో మగదానికి మొదటిసారి ఈకలు రాల్చాక ముఖం పసుపుగా మారుతుంది, ఆడదానికి తోక కింద చారలు అలాగే ఉంటాయి. లవ్ బర్డ్, కాన్యూర్లలో ఆడా మగా కంటితో తేల్చలేం, డీఎన్ఏ పరీక్షే దారి.

6. తెచ్చాక మొదటి రెండు వారాలు

కొత్త ఇంట్లో పిట్ట అసలు స్వభావం మొదటి రోజే బయటపడదు. భయంతో నెమ్మదిగా ఉన్నది వారం తర్వాత రౌడీ కావచ్చు. మొదట్లో కొరికింది తర్వాత మీ వెంటే తిరగొచ్చు. రెండు వారాల దాకా ఏ తీర్పూ ఇవ్వకండి.

- మొదటి మూడు రోజులు: పంజరం ఒక వైపు గోడకు ఆనించండి. తిండి, నీళ్లు మార్చడం తప్ప చెయ్యి పెట్టొద్దు. దగ్గర కూర్చుని పేపరు చదివినట్టు మెల్లగా మాట్లాడండి.
- నాలుగో రోజు నుంచి: ఊచల్లోంచి కొర్ర కంకి అందించండి. తింటుంటే కదలకండి.
- రెండో వారం: తలుపు తెరిచి అరచేతిలో కొర్రలు పెట్టి ఆగండి. పిట్ట రావాలి, మీరు వెళ్లకూడదు.
- వేలెక్కడం: పొట్ట కింద, కాళ్లకు కాస్త పైన వేలు ఆనించి ఒకటే మాట ప్రతిసారీ అనండి. “ఎక్కు” అన్నా చాలు.

ఇంట్లో ముందే పిట్టలుంటే కొత్తదాన్ని కనీసం 30 రోజులు వేరే గదిలో పెట్టండి. ముందు పాతవాటికి, తర్వాత కొత్తదానికి తిండి పెట్టి చేతులు కడుక్కోండి.

7. తరచూ జరిగే తప్పులు, సవరణలు

సొంతంగా తినడం రాని పిల్లను కొనడం. ఇంకా సిరంజితో తినిపించాల్సిన పిల్లను కొంటే బాగా మచ్చిక అవుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. తినిపించే జావ వేడి ఎక్కువైతే గొంతు సంచి కాలుతుంది, చల్లారితే అరగదు, తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. సొంతంగా గింజలు తింటున్న పిల్లనే తెచ్చుకోండి. మచ్చిక ఓపికతో వస్తుంది.

పంజరంలో కుండ పెట్టడం. బడ్జీ పంజరం అనగానే మట్టి కుండ కట్టడం మన దగ్గర అలవాటు. కుండ ఉంటే గుడ్ల ధ్యాస, దాంతో పాటు కోపం, కొరుకుడు. పిల్లలు అక్కర్లేకపోతే కుండ తీసేయండి. రాత్రి పూట పది పన్నెండు గంటల సేపు చీకటి ఇవ్వండి. తల, మెడ తప్ప వీపు నిమరొద్దు.

కొరికినప్పుడు కేకవేయడం. మీ అరుపు దానికి ఆట. చెయ్యి విదిలిస్తే పడి దెబ్బ తగులుతుంది. మాట్లాడకుండా దగ్గరున్న కర్ర మీదకు దించి, అర నిమిషం పక్కకు తిరగండి. తర్వాత కొరకడానికి ముందు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. జవాబు అక్కడే ఉంటుంది.

రెక్కలు కత్తిరించిన పిట్టను సాధువు అనుకోవడం. అది పారిపోలేక కూర్చుంది. కొత్త ఈకలు వచ్చాక అసలు స్వభావం తెలుస్తుంది. కొనేటప్పుడే రెక్క విప్పి చూపించమనండి.

అన్నిటినీ ఒకే పెద్ద పంజరంలో వేయడం. బడ్జీ, కాకటీల్ బాగా వెడల్పైన పంజరంలో సర్దుకోవచ్చు, అదీ రెండు తిండి గిన్నెలు దూరదూరంగా పెడితే. లవ్ బర్డ్, పారట్‌లెట్, క్వేకర్‌లను ఇంకో జాతితో కలపొద్దు.

8. డబ్బు ఇచ్చేముందు చూసుకోవాల్సినవి

- జాతి పేరు కచ్చితంగా తెలుసా? బిల్లు మీద అదే పేరు రాశారా?
- నమోదు అవసరమైన జాతైతే కాగితాలు చేతికొచ్చాయా?
- ఐదు విషయాల్లో మీ ఇంటికి కుదరనిది ఒక్కటీ లేదా?
- సొంతంగా గింజలు తింటుండగా మీ కళ్లతో చూశారా?
- ప్రస్తుతం ఏం తింటోందో అడిగారా? వారం పాటు అదే పెట్టి, తర్వాతే కొత్తిమీర, తోటకూర, మొక్కజొన్న అలవాటు చేయాలి. అవకాడో, చాక్లెట్, ఉల్లి, కాఫీ ఎప్పుడూ పెట్టొద్దు.
- పంజరం సిద్ధంగా ఉందా? బడ్జీ, లవ్ బర్డ్‌లకు ఊచల మధ్య అర అంగుళం మించకూడదు.
- నాన్‌స్టిక్ పాన్ మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పిట్ట ప్రాణం తీస్తుంది. పంజరం వంటింటికి దూరంగా పెట్టారా?
- పిట్టలకు వైద్యం చేసే పశువైద్యుడి నంబరు ఫోన్‌లో ఉందా? కుక్కలను చూసే డాక్టర్లందరూ పిట్టలను చూడరు. పిట్టను తేవడానికి ముందే ఫోన్ చేసి కనుక్కోండి.